ఫిలిప్పీన్స్‌లో లైకులు వస్తాయి, డబ్బు ఎందుకు రాదు?

ఫిలిప్పీన్స్ మార్కెట్‌లోకి కొత్తగా దిగిన కంపెనీకి మొదటి నెల సాధారణంగా సంతోషంగానే గడుస్తుంది. ఫేస్‌బుక్‌లో పేజీ తెరుస్తారు, కాస్త డబ్బు పెట్టి యాడ్ వేస్తారు. వారం తిరక్కుండానే లైకులు, కామెంట్లు, "ధర ఎంత?" అన్న మెసేజ్‌లు వచ్చి పడతాయి. మూడో నెలలో లెక్కలు తీస్తే మాత్రం లాభం కనబడదు. ఆర్డర్లు వచ్చాయి, పార్శిళ్లు వెళ్లాయి, వాటిలో కొన్ని వెళ్లిన దారినే వెనక్కి వచ్చాయి. యాడ్ బాగాలేదేమోనని ఏజెన్సీని మార్చి ఇంకో యాడ్ తీయిస్తారు. ఖర్చు పెరుగుతుంది, కథ మారదు.

యాడ్‌ను తిట్టుకోవడం వల్ల ఉపయోగం లేదని నా గట్టి అభిప్రాయం. ఈ దేశంలో జనాన్ని చేరుకోవడం చాలా తేలిక. చేరుకున్న మనిషి చేతిలోంచి డబ్బు మన చేతికి వచ్చేలోపు ఉన్న దారే గతుకులమయం. ఆ దారి ఎలా ఉంటుందో తెలియాలంటే అక్కడ ఫేస్‌బుక్ ఇంతగా ఎందుకు పాతుకుపోయిందో ముందు తెలుసుకోవాలి.

2020 జనాభా లెక్కల ప్రకారం ఫిలిప్పీన్స్ జనాభా 10.9 కోట్లు. 7,641 దీవులు. సోషల్ మీడియాలో జనం గడిపే సమయాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ నివేదికల్లో ఈ దేశం ఏళ్ల తరబడి మొదటి వరుసలో ఉంది. 2021 నివేదికలోనైతే సగటున రోజుకు 4 గంటలు దాటింది. కబుర్లంటే ఇష్టపడే జనం కాబట్టి అలా ఉంటారని చాలామంది తేల్చేస్తారు. అసలు కారణం ఫోన్ రీఛార్జిలో ఉంది. అక్కడ దాదాపు అందరివీ ప్రీపెయిడ్ నంబర్లే. 2013లో గ్లోబ్ టెలికాం తన వినియోగదార్లకు ఫేస్‌బుక్‌ను ఉచితంగా ఇచ్చింది. 2015లో స్మార్ట్ అనే ఇంకో ఫోన్ కంపెనీతో కలిసి ఫేస్‌బుక్ తన ఇంటర్నెట్.ఆర్గ్ పథకాన్ని అక్కడ మొదలుపెట్టింది. రీఛార్జి అయిపోయినా ఫేస్‌బుక్ తెరుచుకునేది. ఫేస్‌బుక్ దాటి వేరే వెబ్‌సైటుకు వెళ్లాలంటే మాత్రం డేటా ఖర్చయ్యేది.

ఇదే పథకం ఫ్రీ బేసిక్స్ పేరుతో మన దేశానికీ వచ్చింది. ఇక్కడ పెద్ద చర్చ నడిచింది. చివరికి 2016 ఫిబ్రవరిలో ట్రాయ్, ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో డేటా ధర పెట్టడం కుదరదని తేల్చి దానికి తలుపులు మూసింది. ఫిలిప్పీన్స్‌లో అలాంటి అడ్డు రాలేదు. అందుకే అక్కడ ఒక తరం ఇంటర్నెట్‌ను ఫేస్‌బుక్ కిటికీలోంచే చూసింది. వార్త అక్కడే, ఊరి గొడవ అక్కడే, పెళ్లి ఫొటోలు అక్కడే, కొనుగోళ్లూ అక్కడే. ఇప్పుడు డేటా ధరలు తగ్గాయి, టిక్‌టాక్ దూసుకొచ్చింది. అయినా ఆ అలవాటు పోలేదు. చిన్న వ్యాపారికి వెబ్‌సైట్ ఉండదు, ఫేస్‌బుక్ పేజీ ఉంటుంది. కస్టమర్ ఆ పేజీలోంచే మెసెంజర్‌లోకి వస్తాడు.

మన వ్యాపారులు ఇక్కడే మొదటి పొరపాటు చేస్తారు. మనకు అన్నీ వాట్సాప్‌లో నడుస్తాయి కాబట్టి అక్కడా అంతే అనుకుని యాడ్‌లో వాట్సాప్ నంబర్ పెడతారు. అక్కడ వ్యాపారం మాట్లాడుకునేది మెసెంజర్‌లో. కొన్ని గ్రూపులు, ఆఫీసు వ్యవహారాలు వైబర్‌లో నడుస్తాయి. రెండో పొరపాటు, యాడ్ నొక్కగానే బరువైన వెబ్‌సైటుకు తీసుకెళ్లడం. పేజీ తెరుచుకోవడానికి సమయం పడుతుంది, ఫారం నింపమంటుంది, కార్డు నంబర్ అడుగుతుంది. క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లే అక్కడ తక్కువ. యాడ్ నొక్కితే నేరుగా మెసెంజర్ తెరుచుకునే పద్ధతి ఈ దేశానికి సరిగ్గా సరిపోతుంది.

మెసెంజర్ తెరుచుకుంది. "ఇంకా స్టాక్ ఉందా? మా ఊరికి పంపుతారా? ఫొటోలో ఉన్న రంగే వస్తుందా?" ఈ ప్రశ్నల సమాధానాలు చాలావరకు పోస్టులోనే ఉంటాయి. అయినా అడుగుతారు. అవతల ఎవరో మనిషి ఉన్నాడా లేక ఇది మోసపు పేజీనా అని తేల్చుకోవడానికి అడుగుతారు. డబ్బు తీసుకుని మాయమయ్యే పేజీల సంగతి అక్కడ అందరికీ తెలుసు. కాబట్టి ఆ మొదటి పది నిమిషాల్లో వచ్చే జవాబుకున్న విలువ ఇంకే యాడ్‌కూ లేదు. రాత్రి 9 గంటలకు ఇంట్లో అందరూ ఫోన్ పట్టుకుని కూర్చున్న వేళ మెసేజ్ పెడితే, మర్నాడు పొద్దున 10కి ఆఫీసు తెరిచాక జవాబిచ్చే కంపెనీలు బోలెడు. అప్పటికి ఆ మనిషి ఇంకో పేజీలో కొనేసి ఉంటాడు. యాడ్‌లకు పెట్టే బడ్జెట్‌లో నాలుగో వంతు తీసి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా మెసేజ్‌లు చూసే ఇద్దరు స్థానిక అమ్మాయిలకో అబ్బాయిలకో జీతంగా ఇవ్వమని నేను చెబుతాను. రోబో జవాబులు కొంతవరకే పనికొస్తాయి. మొదటి పలకరింపు రోబోది కావచ్చు, రెండో మాట మనిషిదే కావాలి.

ఇన్‌బాక్స్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫిలిప్పీన్స్ ఫేస్‌బుక్ అమ్మకందార్లలో పోస్టులో ధర రాయకుండా "మెసేజ్ పెట్టండి, చెబుతాం" అనడం పెద్ద అలవాటు. పోస్టు మీద జనం స్పందన పెరుగుతుందనీ, పోటీవాళ్లకు ధర తెలియకూడదనీ అలా చేస్తారు. అక్కడి వాణిజ్య, పరిశ్రమల శాఖ దీన్ని తప్పుబట్టింది. వినియోగదారుల చట్టంలోని ధరల పట్టీ నిబంధన ఆన్‌లైన్ అమ్మకాలకూ వర్తిస్తుందని స్పష్టం చేసింది. పక్కనున్న చిన్న పేజీలన్నీ చేస్తున్నాయి కదా అని బయటి నుంచి వచ్చిన కంపెనీ అనుకరించకూడని పద్ధతి ఇది. ధర ముందే రాస్తే మెసేజ్‌లు తగ్గుతాయి, నిజమే. వచ్చే మెసేజ్‌లు మాత్రం కొనేవాళ్లవి.

లైవ్ అమ్మకం సంగతి వేరు. అమ్మే మనిషి కెమెరా ముందు నిలబడి ఒక్కో బట్ట, ఒక్కో బ్యాగు ఎత్తి చూపిస్తూ కోడ్ చెబుతుంది. "నాది" అని, ఆ కోడ్‌తో పాటు ఎవరు ముందు కామెంట్ పెడితే వస్తువు వాళ్లది. వేలంపాటలా సందడి, మధ్యలో జోకులు, పేరు పేరునా పలకరింపులు. కొందరు కొనకుండా గంటల తరబడి చూస్తారు. అది వాళ్లకు సాయంత్రపు కాలక్షేపం. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఇది ఇంటింటి వ్యాపారమైంది. ఇబ్బంది ఎక్కడంటే, ఉత్సాహంలో "నాది" అని పెట్టేసి ఆ తర్వాత పత్తా లేకుండా పోయేవాళ్లు ఉంటారు. వాళ్లకు అక్కడ ఓ ముద్దుపేరు కూడా ఉంది, జాయ్ రిజర్వర్ అని. టిక్‌టాక్ షాప్ వచ్చాక ఈ తలనొప్పి కొంత తగ్గింది. వీడియో కింద పసుపు రంగు బుట్ట నొక్కితే అక్కడికక్కడే ఆర్డర్ అయిపోతుంది. పైగా వీడియో తీసిన మామూలు మనిషికి కూడా కమీషన్ వస్తుంది. పదిలక్షల ఫాలోవర్లున్న ఒక్క సెలబ్రిటీకి పెద్ద మొత్తం ముందే కట్టేకంటే, వంటింట్లో నిలబడి మన గిన్నెను నిజంగా వాడి చూపించే వందమందికి అమ్మకం మీద కమీషన్ ఇవ్వడం చిన్న కంపెనీకి మేలు.

ఇక డబ్బు. అమ్మకాల పట్టికను తేదీల వారీగా చూస్తే ఫిలిప్పీన్స్‌లో నెలకు రెండు శిఖరాలు కనబడతాయి. అక్కడి కార్మిక చట్టం ప్రకారం జీతాన్ని కనీసం నెలకు రెండుసార్లు ఇవ్వాలి, రెండిటి మధ్య 16 రోజులకు మించి గ్యాప్ ఉండకూడదు. అందుకే చాలామందికి 15న ఒకసారి, 30న ఒకసారి జీతం పడుతుంది. ఒకటో తారీఖు చుట్టూ తిరిగే మన లెక్కతో అక్కడ యాడ్ షెడ్యూల్ వేస్తే డబ్బు లేని రోజుల్లో ఆశలు రేపి, డబ్బు వచ్చిన రోజు మాయమైనట్టే. షాపీ, లజాడా అనే ఆన్‌లైన్ అమ్మకాల యాప్‌లు ఈ కిటుకు ఎప్పుడో పట్టుకున్నాయి. 9.9, 10.10, 11.11, 12.12 అంటూ తేదీలతో పెట్టే పెద్ద సేల్స్ కాక, 15కు, నెలాఖరుకు జీతాల సేల్ విడిగా పెడతాయి. జీతానికి నాలుగైదు రోజుల ముందు వస్తువును చూపించి కార్ట్‌లో వేయించడం, జీతం పడిన రోజు గుర్తు చేయడం. ఈ రెండే ఆ నెల ప్రణాళికలో సగం.

సంవత్సరం మొత్తాన్ని చూస్తే సెప్టెంబరుతోనే క్రిస్మస్ మొదలవుతుంది. మాల్స్‌లో పాటలు, ఇళ్లకు లాంతర్లు. నాలుగు నెలల పండగ వాతావరణం. 1975లో అధ్యక్షుడి డిక్రీ 851తో వచ్చిన 13వ నెల జీతం డిసెంబరు 24లోగా ఉద్యోగి చేతిలో పడాలి. ఏడాది మూల వేతనంలో పన్నెండో వంతు ఒక్కసారిగా వస్తుందంటే 12.12 సేల్‌కు అంత ఊపు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. అయితే అదే వర్షాకాలపు చివరి నెలల్లో తుపానులూ వస్తాయి. 2013 నవంబరులో హైయాన్ తుపాను ఆ దేశాన్ని ఎంత దెబ్బతీసిందో మరిచిపోలేం. తుపాను హెచ్చరిక ఉన్న ప్రాంతంలో "ఈ రోజే కొనండి" అన్న యాడ్ ఆటోమేటిగ్గా తిరుగుతూ ఉంటే జనం క్షమించరు. క్షమించకపోవడం న్యాయమే. ప్రాంతాల వారీగా యాడ్ ఆపేసే అధికారం ఒక స్థానిక ఉద్యోగి చేతిలో ఉండాలి, హెడ్డాఫీసు నుంచి ఈమెయిల్ వచ్చేదాకా ఆగే పరిస్థితి ఉండకూడదు.

డబ్బు కట్టే పద్ధతులు పదేళ్లలో బాగా మారాయి. అక్కడి కేంద్ర బ్యాంకు లెక్కల ప్రకారం 2013లో రిటైల్ చెల్లింపుల సంఖ్యలో డిజిటల్ వాటా 1 శాతం. 2023కల్లా సగం దాటింది. జీక్యాష్, మాయా అనే రెండు ఫోన్ వాలెట్లు, కేంద్ర బ్యాంకు తెచ్చిన క్యూఆర్ పీహెచ్ అనే ఉమ్మడి క్యూఆర్ కోడ్ దీనికి ముఖ్య కారణాలు. మనకు యూపీఐ చేసిన పని అక్కడ చాలావరకు జీక్యాష్ చేసింది. ఇంత జరిగినా ఆన్‌లైన్ ఆర్డర్లలో క్యాష్ ఆన్ డెలివరీని ఇంకా ఎవరూ తీసిపారేయలేకపోతున్నారు. వస్తువు కళ్లతో చూశాకే డబ్బు తీస్తామనే మనిషిని తప్పుపట్టలేం.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే. మీరు 350 పెసోలకు ఒక వస్తువు అమ్ముతున్నారనుకోండి. పెసో అంటే సుమారు రూపాయిన్నర. వస్తువు కొన్న ధర 150, కొరియర్ 80, ఒక్కో ఆర్డర్‌కు పడే యాడ్ ఖర్చు 70, ప్యాకింగ్ 10. మిగిలేది 40. పార్శిల్ తీసుకోకుండా తిప్పి పంపితే వస్తువు తిరిగొస్తుంది గానీ కొరియర్, యాడ్, ప్యాకింగ్ కలిపి 160 పెసోలు గాలికి పోతాయి. అంటే తిరిగొచ్చిన ఒక్క పార్శిల్ నాలుగు మంచి పార్శిళ్ల లాభాన్ని మింగేస్తుంది. వందకు 20 తిరిగొస్తే లాభం సున్నా. 15 తిరిగొస్తే 1,000 పెసోలు మిగులుతాయి. 10కి తగ్గిస్తే 2,000. యాడ్ మీద ఒక్క పెసో అదనంగా పెట్టకుండా, ఒక్క కొత్త కస్టమర్ కూడా రాకుండా లాభం రెట్టింపు. మార్కెటింగ్ మీటింగుల్లో ఈ లెక్క మీద గంట మాట్లాడుకునే కంపెనీ అరుదుగా కనిపిస్తుంది. కొత్త యాడ్ రంగుల మీద మాత్రం రోజంతా చర్చ.

మరి పార్శిల్ ఎందుకు తిప్పి పంపుతారు? ఆకతాయి ఆర్డర్లు కొన్ని ఉంటాయి. చాలాసార్లు కారణం మరీ మామూలుది. 9న ఆర్డర్ పెట్టారు, పార్శిల్ 13న వచ్చింది, జీతం 15న. లేదా ఆర్డర్ పెట్టినావిడ కాల్ సెంటర్‌లో డ్యూటీలో ఉంది, ఇంట్లో ఉన్న అమ్మకు ఈ సంగతే తెలియదు, చేతిలో 350 లేవు. లేదా అడ్రస్‌లో బరంగాయ్ పేరు ఉంది గానీ ఇల్లు దొరకలేదు. బరంగాయ్ అంటే అక్కడి అతి చిన్న పాలనా విభాగం, మన పంచాయతీ లాంటిది. దేశంలో సుమారు 42 వేలు ఉన్నాయి. ఒకే పేరు చాలా ఊళ్లలో ఉంటుంది. ఇల్లు పట్టుకోవాలంటే చర్చి పక్కన, కోళ్ల ఫారం ఎదురుగా లాంటి ఆనవాలు కావాల్సిందే.

వీటికి మందు కూడా మెసెంజర్‌లోనే ఉంది. పార్శిల్ పంపే ముందు ఒక మెసేజ్: "గురువారం వస్తుంది, 350 పెసోలు, ఇంట్లో ఎవరు తీసుకుంటారు, దగ్గర్లో గుర్తు ఏమిటి?" జవాబు రాకపోతే పార్శిల్ పంపకండి. జీతానికి ముందు వచ్చిన ఆర్డర్‌ను కావాలంటే 16న అందేలా పంపుతామని అడగండి. జీక్యాష్‌లో ముందే కట్టేవాళ్లకు చిన్న తగ్గింపు ఇవ్వండి. మనీలా నుంచి మిందనావో దీవికి పార్శిల్ వెళ్లాలంటే సముద్రం దాటాలి, కొరియర్ చార్జీ వస్తువు ధరతో పోటీపడుతుంది. అక్కడి కస్టమర్లు ఎక్కువగా ఉంటే సెబూలోనో దావావోలోనో కొంత స్టాక్ పెట్టుకోవడం తప్పదు.

ధర విషయంలో మన తెలుగువాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. షాంపూ ప్యాకెట్టు దండలు వేలాడే కిరాణా కొట్టు చూసి పెరిగినవాళ్లం కాబట్టి అక్కడి సారీసారీ కొట్టు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు. ఇంటి కిటికీకి గ్రిల్లు పెట్టి నడిపే ఆ కొట్టులో సిగరెట్టు ఒక్కటి, నూనె చిన్న సంచీలో, ఫోన్ రీఛార్జి, తెలిసినవాళ్లకు అరువు. దేశంలో ఇలాంటివి పదిలక్షలకు పైనే. ఆన్‌లైన్‌లోనూ అదే మనస్తత్వం పనిచేస్తుంది. పెద్ద డబ్బా మీద 30 శాతం తగ్గింపు కంటే చిన్న ప్యాక్, ఉచిత డెలివరీ, వాయిదాల్లో కట్టే వీలు ఎక్కువ అమ్మకాలు తెస్తాయి. నెలకు ఒకసారి పెద్దగా ఖర్చు పెట్టగలిగే ఇల్లు కాదు అది. రెండు వారాలకోసారి సర్దుకునే ఇల్లు.

ఆ ఇంటి ఖర్చులో విదేశీ డబ్బు కూడా కలుస్తుంది. 2024లో బయటి దేశాల్లోని ఫిలిప్పినోలు బ్యాంకుల ద్వారా ఇంటికి పంపిన నగదు 3,449 కోట్ల డాలర్లు, అంటే దేశ జీడీపీలో 7 శాతం పైమాటే. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ గల్ఫ్ కుటుంబాలను ఎరిగినవాళ్లకు ఆ ఇళ్ల లెక్క వేరే చెప్పనవసరం లేదు. యాడ్ చూసేది ఇలోయిలో నగరంలోని తమ్ముడు, ఫ్రిజ్‌కు డబ్బు కట్టేది దుబాయ్‌లోని అక్క. ఫిలిప్పీన్స్ మ్యాప్‌కే యాడ్‌ను పరిమితం చేసే కంపెనీకి ఆ అక్క ఎప్పటికీ కనబడదు. సౌదీ, యూఏఈ, సింగపూర్, హాంకాంగ్‌లలోని ఫిలిప్పినోలకు "అక్కడినుంచి కట్టండి, ఇక్కడ ఇంటికి చేరుస్తాం" అన్న యాడ్ విడిగా వెళ్లాలి. పుట్టినరోజులు, స్కూళ్లు తెరిచే రోజులు, క్రిస్మస్ దానికి మంచి సందర్భాలు.

భాష సంగతి చాలామంది ఇంగ్లిష్‌తో సరిపెట్టేస్తారు. అందరికీ అర్థమవుతుంది, కానీ ఇంట్లో మాట్లాడుకునేది అది కాదు. మనీలా చుట్టుపక్కల తగాలోగ్, ఇంగ్లిష్ కలగలిపిన మాట నడుస్తుంది. సెబూలో, మిందనావోలో ఎక్కువ చోట్ల సెబువానో. ఇలోయిలోలో హిలిగాయ్‌నోన్. ఉత్తరాన ఇలొకానో. అన్నిట్లో యాడ్‌లు చేయడం చిన్న కంపెనీకి సాధ్యం కాదు, అక్కర్లేదు కూడా. తగాలోగ్‌లో ఒకటి, సెబువానోలో ఒకటి, అదీ ఆ ప్రాంతపు మనిషే మాట్లాడిన వీడియో ఉంటే చాలు. తగాలోగ్ స్క్రిప్ట్‌ను సెబువానోలోకి అనువదించి మనీలా యాక్టర్‌తో చెప్పిస్తే సెబూవాళ్లు మొదటి వాక్యంలోనే పట్టేస్తారు.

భావోద్వేగం గురించి ఒక మాట చెప్పాలి. ఫిలిప్పీన్స్ మార్కెటింగ్ అనగానే అందరూ జాలీబీ ఉదాహరణ తెస్తారు. 2017 ప్రేమికుల రోజుకు ఆ హోటల్ సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టిన చిన్న చిత్రాల్లో ఒకదానిలో, పెళ్లికొడుకని మనం అనుకుంటున్న కుర్రాడు పెళ్లికూతురిని మౌనంగా ప్రేమించిన స్నేహితుడని చివర్లో తెలుస్తుంది. దేశం దేశమంతా దాన్ని షేర్ చేసింది. అంతకు రెండేళ్ల ముందు, 2015 అక్టోబరు 24న, ఒక టీవీ షోలో పుట్టిన ఆల్డబ్ అనే జంట కోసం అభిమానులు ఒక్క హ్యాష్‌ట్యాగ్‌తో సుమారు 4.1 కోట్ల ట్వీట్లు పెట్టారు. ఇవి చూసి కొత్త కంపెనీలు కన్నీటి కథల వీడియోలకు డబ్బు గుమ్మరిస్తాయి. జాలీబీ వెనుక 1970ల నుంచి ఆ దేశపు పిల్లల పుట్టినరోజులు ఉన్నాయి. ఆల్డబ్ వెనుక రోజూ మధ్యాహ్నం కుటుంబమంతా కలిసి చూసే షో ఉంది. నిన్న వచ్చిన బ్రాండ్‌కు ఆ చనువు లేదు. దానికి ముందు కావాల్సింది వస్తువు నిజంగా పనిచేస్తుందని చూపించే వీడియో, కొన్నవాళ్లు ఫొటోలతో పెట్టిన రివ్యూలు. షాపీలో రివ్యూ ఫొటోలు చూసి, పేజీలో కామెంట్లు చదివి, ఆ తర్వాతే జనం కొంటారు. చెడ్డ రివ్యూ వస్తే దాన్ని తీసేయించడానికి టెన్షన్ పడేకంటే దాని కిందే మర్యాదగా జవాబిచ్చి వస్తువు మార్చి ఇస్తే, చదివిన పదిమందిలో నమ్మకం పెరుగుతుంది.

చట్టాల విషయంలో బయటివాళ్లు ఏమరుపాటుగా ఉంటారు. 2023 డిసెంబరులో వచ్చిన ఇంటర్నెట్ లావాదేవీల చట్టం, అక్కడి మార్కెట్‌ను వాడుకునే విదేశీ వ్యాపారికీ వర్తిస్తుంది. 2012 నాటి డేటా గోప్యత చట్టం ఉంది కాబట్టి కొనుగోలుదార్ల నంబర్ల జాబితాను ఇష్టమొచ్చినట్టు వాడడానికి లేదు. లక్కీ డ్రా, బహుమతుల పోటీ పెట్టాలంటే ముందే వాణిజ్య శాఖ పర్మిట్ కావాలి. ఫేస్‌బుక్‌లో "షేర్ చేయండి, గెలవండి" అని పెట్టే ముందే దీన్ని చూసుకోవాలి. మన దగ్గర్నుంచి మూలికల పొడులు, హెల్త్ సప్లిమెంట్లు పంపాలనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడి ఫుడ్ అండ్ డ్రగ్ అడ్మినిస్ట్రేషన్‌లో నమోదు కావాలి. ఇది మందు కాదు, ఏ రోగానికీ చికిత్సగా వాడకూడదు అన్న హెచ్చరిక యాడ్‌లో ఉండాలి. "షుగర్ తగ్గుతుంది" అన్న ఒక్క లైను చాలు, చిక్కుల్లో పడటానికి.

మనకు ఆ దేశంతో రాకపోకలు ఇప్పుడు పెరుగుతున్నాయి. దావావో మెడికల్ కాలేజీల్లో చదివిన, చదువుతున్న తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. 2025 జూన్ నుంచి భారతీయ పర్యాటకులకు 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఫిలిప్పీన్స్‌లో అమ్మాలనుకునే వ్యాపారి యాడ్ ఏజెన్సీతో ఒప్పందం చేసుకునే ముందు ఒకసారి వెళ్లి, 14వ తేదీన ఒక కొరియర్ కుర్రాడి వెంట పార్శిళ్లు పంచే వీధుల్లో తిరగాలి, మళ్లీ 16న తిరగాలి. ఏ ఇల్లు తలుపు తీసి డబ్బు ఇస్తోంది, ఏ ఇల్లు "రేపు రండి" అంటోంది అన్నది ఆ రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది. యాడ్ ఎప్పుడు వేయాలో, పార్శిల్ ఎప్పుడు పంపాలో ఆ తర్వాత కూర్చుని రాసుకోవచ్చు.